ఆమ్లాలు, క్షారాలు, లవణాలు: తిరుపతి, చిత్తూరు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో పదో తరగతి పిల్లలకు సైన్సు చెబుతుంటాను. ఈ పాఠం మొదలుపెట్టగానే పిల్లలకంటే వాళ్ల ఇంట్లోవాళ్ల ప్రశ్నలే ఎక్కువ వస్తాయి. బోరు నీళ్లు, ఇన్వర్టర్ బ్యాటరీ, బెల్లంలో సున్నం, శనక్కాయ చేను పసుపుపచ్చగా మారడం, అసిడిటీ. ఆ జవాబులన్నీ ఒకచోట ఉంటే బాగుంటుందని ఈ పేజీ రాశాను. అందరికీ నేను చెప్పేది ఒకటే. యాసిడ్ అనగానే భయపడి, ఉప్పు, సోడా, సున్నం అనగానే ధైర్యంగా ఉండకండి. ఏ పదార్థం, నీళ్లలో ఎంత ఉంది అని అడగండి.

అసలు ఆమ్లం అంటే ఏమిటి?

నీళ్లలో కలిపినప్పుడు హైడ్రోజన్ అయాన్లను, అంటే విద్యుదావేశం ఉన్న హైడ్రోజన్ కణాలను, ఇచ్చే పదార్థం ఆమ్లం. హైడ్రాక్సైడ్ అయాన్లను ఇచ్చేది క్షారం. స్వీడన్ శాస్త్రవేత్త అరీనియస్ 1884లో సమర్పించిన పరిశోధన పత్రంలోని ఆలోచనల నుంచి ఈ నిర్వచనం వచ్చింది. లవణాలు నీళ్లలో కరిగితే విద్యుదావేశం ఉన్న ముక్కలుగా విడిపోతాయని ఆయన అన్నప్పుడు అక్కడి ప్రొఫెసర్లు పెద్దగా నమ్మలేదు, తక్కువ గ్రేడు ఇచ్చారు. 1903లో ఆ సిద్ధాంతానికే రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇందులో నీళ్లు చాలా ముఖ్యం. పొడిగా ఉన్న నిమ్మ ఉప్పును, అంటే సిట్రిక్ ఆమ్లాన్ని, పొడి నీలి లిట్మస్ కాగితం (ఆమ్లం తగిలితే ఎర్రబడే కాగితం) మీద చల్లి చూడండి. రంగు మారదు. ఒక్క చుక్క నీళ్లు వేస్తే వెంటనే ఎర్రబడుతుంది. పిల్లలకు ఈ ప్రయోగం తప్పకుండా చూపించాలి. నిర్వచనం బట్టీ పట్టినవాడికి కూడా అసలు సంగతి అప్పుడే తెలుస్తుంది.

అమ్మోనియాలో హైడ్రాక్సైడ్ లేదు కదా, అది క్షారం ఎలా అయిందని తెలివైన పిల్లలు అడుగుతారు. నీటి అణువు నుంచి హైడ్రోజన్ అయాన్‌ను అది లాక్కుంటుంది, అప్పుడు నీళ్లలో హైడ్రాక్సైడ్ మిగులుతుంది. ఆమ్లం అంటే హైడ్రోజన్ అయాన్‌ను ఇచ్చేది, క్షారం అంటే తీసుకునేది అని 1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీ విడివిడిగా చెప్పారు. పై తరగతుల్లో ఈ నిర్వచనమే ఎక్కువగా పనికొస్తుంది.

క్షారానికీ ఆల్కలీకీ తేడా ఉందా?

ఉంది. నీళ్లలో కరిగే క్షారాన్ని ఆల్కలీ అంటాం. కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్, ఆల్కలీ. కాపర్ ఆక్సైడ్ నీళ్లలో కరగదు కానీ ఆమ్లంతో చర్య జరుపుతుంది, కాబట్టి అది క్షారం మాత్రమే. పరీక్షకు ఇంత చాలు.

లవణం అంటే కూరలో వేసే ఉప్పేనా?

కూరలో వేసే సోడియం క్లోరైడ్ లవణాల్లో ఒకటి. ఆమ్లం, క్షారం కలిసి ఒకదాన్నొకటి తటస్థం చేసుకుంటే నీరు, లవణం వస్తాయి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, కాస్టిక్ సోడా సరైన పాళ్లలో కలిస్తే మిగిలేది ఉప్పు నీళ్లే. పటిక, అన్నభేది, మైలతుత్తం, నవసాగరం (అమ్మోనియం క్లోరైడ్), వంట సోడా, బట్టల సోడా (సోడియం కార్బోనేట్), గోడకు కొట్టే సున్నం గాలి తగిలి గట్టిపడ్డాక మిగిలే కాల్షియం కార్బోనేట్, ఇవన్నీ లవణాలే.

లవణమంటే తటస్థంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అన్నీ అలా ఉండవు. బలహీన ఆమ్లం, బలమైన క్షారం కలిసి పుట్టిన బట్టల సోడా నీళ్లలో గట్టి క్షార గుణం చూపిస్తుంది. పటిక నీళ్లు, నవసాగరం నీళ్లు ఆమ్ల గుణం చూపిస్తాయి. ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టేవాళ్లు వేడి గిన్నె మీద నవసాగరం పొడి చల్లేది ఇందుకే. వేడికి అది విడిపోయి హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, గిన్నె లోపలి ఆక్సైడ్ పొరను తినేస్తుంది, శుభ్రమైన లోహం మీద తగరం చక్కగా అంటుకుంటుంది. ఆ తెల్లటి పొగ దగ్గర పిల్లల్ని నిలబడనివ్వకండి.

పీహెచ్ 3కూ 6కూ తేడా రెట్టింపేనా?

వెయ్యి రెట్లు! పీహెచ్ స్కేలులో ఒక్కో అంకెకు హైడ్రోజన్ అయాన్ల గాఢత పది రెట్లు మారుతుంది. డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ 1909లో ఈ కొలతను తెచ్చాడు. అంకె తగ్గేకొద్దీ ఆమ్లత్వం పెరుగుతుంది.

కొన్ని విలువలు గుర్తుంటే మంచిది. కడుపులోని జీర్ణరసం 1.5 నుంచి 3.5 వరకు, నిమ్మరసం 2 పైచిలుకు, పెరుగు 4 నుంచి 4.5 దాకా, 25 డిగ్రీల దగ్గర స్వచ్ఛమైన నీరు 7, రక్తం 7.35 నుంచి 7.45 మధ్య, వంట సోడా నీళ్లు 8 పైన, తేర్చిన సున్నపు నీళ్లు 12 పైన. ఈ చివరిది మరచిపోవద్దు. సున్నం వంటింటి, పూజగది వస్తువు కాబట్టి దాన్ని ఎవరూ ప్రమాదంగా చూడరు.

లిట్మస్ కాగితం లేకపోతే ఇంట్లో ఎలా పరీక్షించాలి?

మనకు పసుపు ఉంది. దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎలా చేస్తాం? పసుపు నీళ్లలో చిటికెడు సున్నం వేస్తాం. పసుపులోని కర్కుమిన్ పీహెచ్ 8 ప్రాంతం దాటగానే ఎర్రబడుతుంది. ఆ ఎర్రనీళ్లలో నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపు రంగు వచ్చేస్తుంది. చొక్కా మీద పులుసు మరకకు సబ్బు రాయగానే ఎర్రగా మారడం కూడా ఇదే. బట్ట పాడైందని టెన్షన్ పడక్కర్లేదు, బాగా జాడించి ఎండలో ఆరేస్తే మరక చాలావరకు వెలిసిపోతుంది.

పసుపుతో ఒక ఇబ్బంది ఉంది. ఆమ్లంలోనూ మంచినీళ్లలోనూ అది ఒకేలా కనిపిస్తుంది, క్షారాన్ని మాత్రమే పట్టిస్తుంది. దానికి మందార పువ్వు తోడు చేసుకోండి. ఎర్ర మందార రేకులు వేడినీళ్లలో నానబెట్టి వడకట్టండి. నిమ్మరసం కలిపితే ముదురు గులాబీ రంగు, సోడా నీళ్లు కలిపితే ఆకుపచ్చ వస్తుంది. సైన్స్ ఫెయిర్‌కు కొన్న కిట్‌కంటే పెరటి మందారంతో చేసిన ప్రాజెక్టే నాకు బాగా నచ్చుతుంది.

బలమైన ఆమ్లం, గాఢమైన ఆమ్లం ఒకటేనా?

కాదు. బలం అంటే నీళ్లలో ఎంత శాతం విడిపోతుంది అన్నది. గాఢత అంటే నీళ్లలో ఎంత కలిపాం అన్నది. హైడ్రోక్లోరిక్ బలమైన ఆమ్లం, చుక్క వేసి బకెట్ నీళ్లు కలిపితే చేతికి ఏమీ కాదు. వినెగర్‌లోని అసిటిక్ ఆమ్లం బలహీనమైనది, కానీ నీళ్లు కలపని గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది. 'బలహీన ఆమ్లం కాబట్టి ప్రమాదం లేదు' అని ఎవరైనా అంటే, గాఢత ఎంతో అడగండి.

బెల్లం వండేటప్పుడు సున్నం ఎందుకు వేస్తారు? తినేవాళ్లకు హాని లేదా?

చిత్తూరు వైపు చెరకు గానుగ ఆడే ఊళ్ల నుంచి వచ్చే పిల్లలు ఈ ప్రశ్న అడుగుతారు. ఇందులో మంచి రసాయన శాస్త్రం ఉంది. తాజా చెరకు రసం స్వతహాగా కొంచెం ఆమ్లంగా ఉంటుంది, పీహెచ్ 5 నుంచి 5.5 దగ్గర. ఆమ్లం ఉన్న రసాన్ని గంటల తరబడి మరిగిస్తే అందులోని సుక్రోజ్ విరిగి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అవుతాయి. ఈ రెండూ పెరిగితే పాకం సరిగా గడ్డకట్టదు. అచ్చులు మెత్తగా వస్తాయి, వానాకాలం గాలిలోని తేమ పీల్చి జిగటగా కారిపోతాయి. చెరకు కొట్టాక రసం తీయడం ఆలస్యమైనా, ఎండు చెరకు ఆడినా ఆమ్లత్వం ఇంకా పెరుగుతుంది. అలాంటి రసంతో మంచి బెల్లం తీయడం ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా కష్టమే.

సున్నపు తేట ఆ ఆమ్లాన్ని తటస్థం చేసి పీహెచ్‌ను 6.5 ప్రాంతానికి తెస్తుంది. రసంలోని మలినాలు కొన్ని పేరుకుని మడ్డిగా పైకి తేలతాయి, దాన్ని జల్లెడ గరిటెతో తీసేస్తారు. సరిపడా వేస్తే సున్నం చాలావరకు కాల్షియం లవణాలుగా మారిపోతుంది, తినేవాళ్లకు హాని ఏమీ లేదు. ఎక్కువైతే బెల్లం నల్లబడుతుంది, రుచి చెడుతుంది. కొలత తెలిసిన చేయి ఉండాలి.

నాకు అభ్యంతరం ఉన్నది హైడ్రోస్ మీద. అది సోడియం హైడ్రోసల్ఫైట్ అనే లవణం. రంగును విరిచి బెల్లాన్ని బంగారు రంగులో మెరిపిస్తుంది కానీ సల్ఫర్ డయాక్సైడ్ అవశేషాలు మిగులుస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు అది పడదు. కొన్నాళ్లు నిల్వ ఉంటే ఆ మెరుపు కూడా నిలవదు. సంతలో పచ్చగా మెరిసే అచ్చు కంటే గోధుమ రంగు అచ్చు ఏరుకోండి. మనం మెరుపుకే ఎక్కువ ధర ఇస్తున్నంత కాలం గానుగ ఆడేవాళ్లు హైడ్రోస్ వేయక తప్పని పరిస్థితి ఉంటుంది.

ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేది యాసిడా, నీళ్లా?

డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. తిరుపతి పక్కన కరకంబాడిలో అమర రాజా బ్యాటరీల ఫ్యాక్టరీ ఉంది కాబట్టి మన పిల్లలకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు. లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఒక పలక సీసం, రెండోది లెడ్ డయాక్సైడ్, మధ్యలో సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం. బ్యాటరీ ఖర్చవుతున్నప్పుడు రెండు పలకల మీదా లెడ్ సల్ఫేట్ అనే లవణం పేరుకుంటుంది, ఆమ్లం తగ్గి నీళ్లు పెరుగుతాయి. ఛార్జింగ్ పెడితే ఇదంతా వెనక్కి నడిచి ఆమ్లం మళ్లీ పుడుతుంది. అందుకే మెకానిక్ హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రతను కొలిచే పరికరం) ముంచి చూస్తాడు. సాపేక్ష సాంద్రత 1.25 దాటి ఉంటే ఛార్జి నిండుగా ఉన్నట్టు, 1.15 ప్రాంతానికి దిగితే అయిపోవచ్చినట్టు.

వేసవిలో ఆవిరయ్యేదీ, ఛార్జింగ్‌లో వాయువులుగా విడిపోయి పోయేదీ నీరే. ఆమ్లం లోపలే ఉంటుంది. పైనుంచి మళ్లీ ఆమ్లం పోస్తే గాఢత పెరిగి పలకలు పాడవుతాయి. బోరు నీళ్లు పోస్తే అందులోని లవణాలు పలకలను చెడగొడతాయి. టెర్మినల్స్ మీద పేరుకున్న పొడిని వట్టి చేతులతో గోకకండి, అందులో సీసం లవణాలు ఉండొచ్చు. కనెక్షన్ తీసేసి, గ్లవ్స్ వేసుకుని, వంట సోడా నీళ్లతో తుడవండి. ఆ నీళ్లు సెల్ లోపలికి మాత్రం పోకూడదు.

మా బోరు నీళ్లతో గీజర్ కాయిల్ మీద తెల్లటి పెచ్చు కడుతోంది. ఏం చేయాలి?

అది ఎక్కువగా కాల్షియం కార్బోనేట్. మన బోర్లు రాతి పగుళ్ల గుండా వచ్చే నీళ్లను తోడతాయి, ఆ దారిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరుగుతాయి. నీళ్లు కాగితే కాల్షియం బైకార్బొనేట్ విడిపోయి కార్బోనేట్ పెచ్చుగా దిగుతుంది. కెటిల్ లాంటి చిన్న పాత్రలో అయితే వినెగర్ గానీ, నిమ్మ ఉప్పు నీళ్లు గానీ పోసి కాసేపు ఉంచండి, బుడగలు వస్తూ కరిగిపోతుంది. ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్. గీజర్ పని మాత్రం మెకానిక్‌కు వదిలేయండి, కరెంటు వ్యవహారం.

సబ్బు నురగ రాకపోవడానికీ ఇదే కారణం. సబ్బు సోడియం లవణం, అది కాల్షియంతో కలిసి నీళ్లలో కరగని మరో లవణమై తెట్టు కడుతుంది.

శ్రీకాళహస్తి కలంకారీ రంగుల్లో కూడా ఇదే పాఠం ఉందా?

నిండా ఉంది. ముందు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. కరక్కాయలో టానిన్లు అనే వగరు పదార్థాలు ఉంటాయి, పాలలోని కొవ్వు రంగు పక్కకు పాకకుండా ఆపుతుంది. నల్ల రంగుకు తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడతారు. బెల్లం పులిసి అసిటిక్ ఆమ్లం పుడుతుంది, అది ఇనుముతో చర్య జరిపి ఐరన్ అసిటేట్ అనే లవణం ఇస్తుంది. కలంతో ఆ ద్రవాన్ని కరక్కాయ పట్టిన గుడ్డ మీద గీస్తే ఇనుము, టానిన్ కలిసి నల్లగా అంటుకుపోతాయి. ఎర్ర రంగు రావాల్సిన చోట పటిక నీళ్లు పూస్తారు. పటికలోని అల్యూమినియం ఒకవైపు నూలు దారాన్నీ మరోవైపు రంగు అణువునూ పట్టుకుంటుంది. పటిక లేని చోట అదే రంగు ఉతుకులో పోతుంది.

లవణాల పాఠానికి ఇంత అందమైన ఉదాహరణ ఎక్కడా లేదని నా అభిప్రాయం. తిరుపతి నుంచి గంట ప్రయాణం. బడులు పిల్లల్ని ఒక్కసారైనా అక్కడికి తీసుకెళ్లాలి.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సిట్రిక్ ఆమ్లం కలుపుతారట, కల్తీనా?

కల్తీ కాదు, రక్షణ. డబ్బాలో మూసిన ఆహారంలో పెరిగే ప్రమాదకరమైన బ్యాక్టీరియా క్లాస్ట్రిడియం బోటులినమ్. పీహెచ్ 4.6 కంటే తక్కువ ఉంటే దాని బీజాలు మొలకెత్తి విషం తయారుచేయలేవు. తోతాపురి కాయ పండేకొద్దీ పులుపు తగ్గుతుంది, బాగా పండిన కాయల గుజ్జులో ఆమ్లత్వం తగ్గిపోయే వీలుంది. సిట్రిక్ ఆమ్లం కలిపి పీహెచ్‌ను గీతకు కింద ఉంచితే మరిగే నీటి వేడి దగ్గరే శుద్ధి చేస్తే సరిపోతుంది. ఆమ్లం తక్కువ ఉన్న ఆహారాన్నయితే ప్రెషర్‌లో 121 డిగ్రీల దాకా వేడి చేయాలి, అంత వేడికి మామిడి రుచీ వాసనా పోతాయి.

శనక్కాయ చేను లేత ఆకులు పసుపుపచ్చగా మారితే అన్నభేదితో నిమ్మ ఉప్పు కలిపి చల్లమంటారు. ఎందుకు?

నేలలో ఇనుము ఉన్నా, క్షార గుణం ఎక్కువగా ఉంటే అది కరగని రూపంలోకి పోతుంది. వేరుకు అందదు. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేట్, ఆకు మీద నుంచి ఇనుము అందించే లవణం. వట్టి నీళ్లలో కలిపితే గాలి తగిలి తుప్పు రంగుకు తిరిగి పనికిరాకుండా పోతుంది. నిమ్మ ఉప్పు ఆ నీళ్లను ఆమ్లంగా ఉంచి, ఇనుమును పట్టుకుని కరిగి ఉండేలా చూస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు అని వ్యవసాయ అధికారులు చెప్పే లెక్క. కలిపిన రోజే చల్లేయాలి.

చౌడు నేల సంగతి వేరు. పీహెచ్ 8.5 దాటి, మట్టి రేణువులకు సోడియం పట్టి ఉన్న నేలకు జిప్సం (కాల్షియం సల్ఫేట్) వేస్తారు. జిప్సంలోని కాల్షియం సోడియంను తప్పిస్తుంది, వచ్చిన సోడియం సల్ఫేట్‌ను నీళ్లు పెట్టి కడిగి బయటికి పంపాలి. మురుగు పోయే దారి లేకుండా జిప్సం వేస్తే డబ్బు దండగ. ముందు మట్టి పరీక్ష చేయించండి.

ఆల్కలైన్ వాటర్ తాగితే రక్తం క్షారంగా మారి జబ్బులు రావంటారు, నిజమేనా?

నిజం కాదు. తాగిన నీళ్లు ముందు కడుపులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పడతాయి. రక్తం పీహెచ్‌ను ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, రక్తంలోని బైకార్బొనేట్ వ్యవస్థ కాపాడుతుంటాయి. సీసా నీళ్లతో అది మారదు, మారితే మనిషి ఐసీయూలో ఉండాలి. ఆల్కలైన్ వాటర్ మిషన్‌కు పెట్టే వేల రూపాయలు పిల్లలు తినే పండ్లకు, పాలకు పెట్టండి.

అసిడిటీకి వంట సోడా తాగొచ్చా?

అలవాటు చేసుకోవద్దు. కడుపులో కార్బన్ డయాక్సైడ్ పుట్టి తేన్పులు వస్తాయి, కాసేపు హాయిగా ఉంటుంది. కానీ ఒంట్లోకి సోడియం చేరుతుంది, బీపీ ఉన్నవాళ్లకు మంచిది కాదు. యాంటాసిడ్ మందుల్లో అల్యూమినియం హైడ్రాక్సైడ్, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ కలిపి ఉంచడానికి కారణం, మొదటిది మలబద్ధకం తెస్తుంది, రెండోది విరేచనం చేస్తుంది, రెండూ కలిస్తే సరిపోతుంది. మంట తరచూ వస్తుంటే డాక్టరుకు చూపించుకోండి.

తేనెటీగ కుడితే సున్నం రాయాలా?

వద్దు. దాని విషంలో నొప్పి పుట్టించేది ముఖ్యంగా మెలిటిన్ అనే పదార్థం, ఆమ్లం కాదు. ముల్లు తీసి, కడిగి, చల్లటి గుడ్డ పెట్టండి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

శ్రీహరికోట రాకెట్ పొగలో ఆమ్లం ఉంటుందా?

పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మొదటి దశలోని ఘన ఇంధనం మండితే వచ్చే పొగలో ఉంటుంది. ఆ ఇంధనంలో ఆక్సిజన్ ఇచ్చేది అమ్మోనియం పెర్క్లోరేట్ అనే లవణం, దానితో అల్యూమినియం పొడి, రబ్బరు లాంటి పాలిమర్ ఉంటాయి. మండినప్పుడు అల్యూమినియం ఆక్సైడ్ తెల్లటి పొగగా, దానితోపాటు హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తాయి. ఆ వాయువు తేమలో కలిస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. ప్రయోగాన్ని జనం దూరం నుంచి చూడాలనే ఏర్పాటుకు ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి.

బాత్రూమ్ యాసిడ్, బ్లీచింగ్ కలిపితే బాగా శుభ్రమవుతుందా?

ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు వేసిన బాత్రూమ్‌లో అది ప్రాణం తీయగలదు. ఒకటి వాడాక నీళ్లు దండిగా పోసి, మరో రోజు రెండోది వాడండి. ల్యాబ్‌లో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పలచన చేసేటప్పుడు నీళ్లలోకి ఆమ్లాన్ని కొంచెం కొంచెంగా పోయాలి. ఆమ్లంలోకి నీళ్లు పోస్తే పుట్టే వేడికి నీరు మరిగి ఆమ్లంతో సహా ముఖం మీదికి చిందుతుంది.

ఒంటి మీద, కంట్లో పడితే?

వెంటనే ధారగా నీళ్లు, కనీసం 15 నుంచి 20 నిమిషాలు. యాసిడ్ పడిందని సోడా, సోడా పడిందని నిమ్మరసం రాయకండి. తటస్థీకరణలో వేడి పుడుతుంది, కాలిన చోటే మళ్లీ కాలుతుంది. తడిసిన బట్టలు తీసేయండి. పొడి సున్నం అయితే ముందు దులిపి, తరువాత కడగాలి.

కంటికి ఆమ్లం కంటే క్షారమే ఎక్కువ ప్రమాదం. ఆమ్లం తగిలిన చోట కణజాలం గడ్డకట్టి కొంత అడ్డుపడుతుంది, క్షారం కణాల కొవ్వును కరిగిస్తూ లోపలికి దిగుతుంది. తాంబూలం సున్నం ప్యాకెట్లు, ట్యూబులు నొక్కుతూ ఆడుకుని చూపు పోగొట్టుకున్న పిల్లలు మన దేశంలో ఉన్నారు. వాటిని పిల్లలకు అందని చోట పెట్టండి. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని కడుగుతూనే 108కు ఫోన్ చేయించండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ ప్యాకెట్‌నో సీసానో వెంట తీసుకెళ్లండి, అందులో ఏముందో డాక్టరు చూసి తెలుసుకోవాలి.